పదకొండు మందులు, నలుగురు డాక్టర్లు: పెద్దవాళ్ల వైద్యాన్ని కలిపి చూసేది ఎవరు?

మా మేనత్తది పరకాల దగ్గర పల్లె. వయసు 74. పోయిన వర్షాకాలంలో హనుమకొండలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో బట్టల సంచీ కంటే బరువైన పాలిథిన్ కవరు ఒకటి ఉంది. దాన్ని చాప మీద కుమ్మరించాను. ఎక్స్‌రేలు, ఈసీజీ కాగితాలు, నాలుగు చోట్ల రాసిన మందుల చీటీలు, వాటి మధ్య మాత్రల స్ట్రిప్పులు. కొన్ని స్ట్రిప్పులు సగానికి కత్తిరించి ఉన్నాయి. నాలుగు మాత్రలే కొన్నప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న సగం మెడికల్ షాపులోనే ఉండిపోయింది. "ఇది దేనికి అత్తమ్మా?" అని ఒకటి చూపిస్తే, "అది పొద్దున వేసుకునే ఎర్ర గోలీ బిడ్డా" అంది. లెక్కపెడితే మొత్తం పదకొండు రకాలు.

ఆమెకు వైద్యం అందలేదని ఎవరూ అనలేరు. బీపీకి పరకాలలో ఒకరు, షుగరుకు హనుమకొండలో ఒకరు, కాళ్లు వాచినప్పుడు గుండె డాక్టరు, పడిపోయినప్పుడు ఎముకల డాక్టరు చూశారు. జ్వరానికీ నొప్పులకూ ఊళ్లో ఆర్‌ఎంపీ ఉండనే ఉన్నారు. ఆ నాలుగు చీటీలనూ పక్కపక్కన పెట్టి చదివినవారు మాత్రం ఆ రోజు దాకా ఒక్కరూ లేరు. చదివిన నేనూ డాక్టరును కాను.

ఇది ఇప్పుడు మాట్లాడుకోవాల్సిన సంగతి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. కార్డులున్నాయి, భవనాలు లేస్తున్నాయి, స్పెషలిస్టులు పెరుగుతున్నారు. అయినా ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి కుటుంబానికీ ఆ కవరు సుపరిచితమే. ఎందుకు?

సమన్వయ వైద్యం అంటే ఏమిటి?

మాట పెద్దది గానీ, సంగతి పెళ్లి పనుల్లో రోజూ చూసేదే. వంటవాళ్లకు వంట తెలుసు, పందిరివాళ్లకు పందిరి తెలుసు, బ్యాండువాళ్లకు వాళ్ల పని తెలుసు. అయినా ముహూర్తం ఎన్నింటికి, భోజనాలు ఎప్పుడు, బస్సు ఎక్కడ ఆగాలి అన్నవి చూసుకుని అందరినీ ఒక తాటి మీదికి తెచ్చే ఇంటి పెద్ద ఒకరు కావాలి. వైద్యంలో ఆ పెద్దరికం చేసే ఏర్పాటునే సమన్వయ వైద్యం అంటారు.

అందులో మూడు విషయాలు కలిసి ఉంటాయి. ఒక డాక్టరు రాసింది ఇంకొకరికి తెలియడం మొదటిది, అది సమాచారం. రెండు వైద్యాలు ఒకదానికొకటి అడ్డు వచ్చినప్పుడు ఈ మనిషికి ఏది ముఖ్యమో తేల్చడం రెండోది, అది నిర్ణయం. తేల్చిన తర్వాత జరిగే మంచిచెడ్డలకు ఎవరో ఒకరు జవాబుదారీగా ఉండడం మూడోది, అది బాధ్యత. మన చర్చలన్నీ మొదటిదాని చుట్టూనే తిరుగుతాయి. కష్టమంతా మిగిలిన రెండింటిలోనే ఉందని నా అభిప్రాయం.

ఇంకో రెండు మాటలు తెలుసుకోవాలి. ఒకే మనిషికి రెండు, అంతకంటే ఎక్కువ దీర్ఘకాలిక జబ్బులు ఉంటే బహుళ వ్యాధుల స్థితి అంటారు. రోజూ ఐదు, అంతకు మించి మందులు వాడుతుంటే బహుళ ఔషధ వాడకం అంటారు. మందులు పెరిగేకొద్దీ చిక్కు ఎందుకు పెరుగుతుందో చిన్న లెక్కతో అర్థమవుతుంది. రెండు మందులు కలిసినప్పుడు ఒకదాని మీద ఒకటి పనిచేసే అవకాశం ఉంటుంది. 5 మందులుంటే అలాంటి జతలు 10. 8 ఉంటే 28. మా మేనత్త కవరులోని 11 మందులకు జతలు 55. మందులు రెట్టింపయితే జతలు నాలుగింతలకు మించి పెరుగుతాయి. అన్ని జతలూ హాని చేయవు. చాలావాటితో ఏ ఇబ్బందీ ఉండదు. హాని చేసేది ఏదో కనిపెట్టాలంటే మాత్రం మొత్తం జాబితా ఒకరి కళ్ల ముందు ఉండి తీరాలి.

రిపోర్టులో మామూలుగానే ఉన్న అంకె

పెద్దవాళ్ల వైద్యం ప్రత్యేకంగా చూడాల్సిన శాస్త్రమని చాలామందికి అనిపించదు. షుగరు షుగరే, బీపీ బీపీయే కదా అనుకుంటాం. ఒక్క ఉదాహరణ చూడండి.

కిడ్నీ ఎలా పనిచేస్తోందో తెలుసుకోవడానికి రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంత ఉందో చూస్తారు. మా మేనత్త పాత రిపోర్టులో అది 1.1. ఆడవాళ్లకు చాలా ల్యాబులు వేసే పై హద్దు కూడా అదే కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. కానీ క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. వయసుతో కండ కరిగిన మనిషిలో అది తయారయ్యేదే తక్కువ. అందువల్ల కిడ్నీ మందగించినా అంకె పెద్దగా పెరగదు. 1976 నుంచి వాడుకలో ఉన్న కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం ఈ తేడాను పట్టిస్తుంది. 140 నుంచి వయసు తీసివేసి, బరువుతో హెచ్చవేసి, 72తోనూ క్రియాటినిన్ అంకెతోనూ భాగించి, ఆడవాళ్లయితే 0.85తో హెచ్చవేయాలి. 48 కిలోల బరువు, 1.1 క్రియాటినిన్ ఉన్న 30 ఏళ్ల ఆడమనిషికి కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 57 మిల్లీలీటర్లు అని ఈ లెక్క చెబుతుంది. అదే బరువు, అదే క్రియాటినిన్ ఉన్న 74 ఏళ్ల ఆడమనిషికి 34. ఇది అంచనాయే, ల్యాబులు ఈజీఎఫ్‌ఆర్ పేరుతో ఇచ్చే అంకెకు సూత్రం వేరు, ఫలితం కొంత తేడాగా ఉంటుంది. అయినా రిపోర్టులో ఒకేలా ఉన్న 1.1 వెనుక రెండు వేర్వేరు కిడ్నీలు ఉన్నాయన్న మాట నిజం. కిడ్నీ ద్వారా బయటికి పోవాల్సిన మందు ఈ రెండో మనిషి ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది.

ఒక మందు ఇంకో మందును పిలిచిన వైనం

ఇప్పుడు ఆ చీటీలను తేదీల వరుసలో పెడదాం. నాకు అసలు సంగతి అప్పుడే కనిపించింది.

మొదట బీపీకి టెల్మిసార్టాన్ ఉండేది. సరిపోవడం లేదని అమ్లోడిపిన్ కలిపారు. రెండూ మంచి మందులే. అమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది, ఆమెకూ వచ్చింది. వాపు చూసి గుండె జబ్బేమోనని ఇంట్లోవాళ్లు భయపడి గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పరీక్షలు చేయించి గుండె బాగానే ఉందని చెప్పి, నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్, ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ రాశారు. అమ్లోడిపిన్ వేరే చీటీలో ఉంది. ఆ చీటీ పరకాలలో ఇంట్లోనే ఉండిపోయింది.

ఫ్యూరోసెమైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుంది. ఉదయం వేసుకోవాల్సినది ఆమె సాయంత్రం వేసుకునేది. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి పెరటి చివర ఉన్న బాత్‌రూముకు వెళ్లాల్సి వచ్చేది. తిమ్మిర్లకు షుగరు డాక్టరు ఇచ్చిన ప్రెగాబాలిన్ వల్ల మత్తుగా, తూలినట్లుగా ఉండేది. వాన పడిన ఒక రాత్రి తడి బండ మీద కాలు జారింది. ఎముక విరగలేదు, మోకాలు మాత్రం బాగా దెబ్బతింది. ఎముకల డాక్టరు నొప్పికి ఎసిక్లోఫెనాక్, కడుపులో మంట రాకుండా రాబెప్రజోల్, ఎముకల బలానికి క్యాల్షియం రాశారు. కడుపు మంటకు అప్పటికే పాంటోప్రజోల్ వాడుతోందని ఆయనకు తెలియదు. నొప్పి తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది వేసేవారు. అదీ ఎసిక్లోఫెనాక్ జాతి మందే.

నొప్పి మాత్ర, టెల్మిసార్టాన్, ఫ్యూరోసెమైడ్ మూడూ కలిస్తే కిడ్నీకి ఏమవుతుందో చెరువుతో పోల్చి చెప్పవచ్చు. కిడ్నీ వడపోత ఒత్తిడి మీద నడుస్తుంది. నొప్పి మాత్ర లోపలికి వచ్చే రక్తనాళాన్ని సన్నబరుస్తుంది. అంటే చెరువులోకి వచ్చే కాలువ పూడింది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది; తూము తెరిచే ఉంది. ఫ్యూరోసెమైడ్ ఒంట్లో నీటినే తగ్గిస్తుంది; ఎగువన వానే లేదు. మూడూ ఒకేసారి జరిగితే చెరువు మట్టం ఎంత వేగంగా పడిపోతుందో మన ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెండు నెలల్లో ఆమె క్రియాటినిన్ 1.6కు చేరింది. కిడ్నీ మందగించే సరికి షుగరుకు వేసుకునే గ్లిమెపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలిచింది. తెల్లవారుజామున చెమటలు, వణుకు మొదలయ్యాయి. అది షుగరు పడిపోవడం. ఇంట్లోవాళ్లు నీరసమనుకుని ఆర్‌ఎంపీతో సెలైన్ పెట్టించారు.

ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త జబ్బుగా పొరబడి ఇంకో మందు రాయడాన్ని వైద్యులు ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్ అంటారు. మనం మందుల గొలుసు అనుకోవచ్చు. ఈ గొలుసులో ప్రతి డాక్టరూ తన ముందున్న సమస్యకు తగిన మందే రాశారు. నలుగురిలో ఏ ఒక్కరినీ నిందించడానికి నాకు మనసొప్పదు. మాట్లాడుకోని నాలుగు సరైన నిర్ణయాలు కలిసి ఒక తప్పు అయ్యాయి.

డిశ్చార్జి రోజు

ఈ చీటీలన్నిటినీ కలిపి ఉంచాల్సిన దారం అన్నిటికంటే సులువుగా తెగేది ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజున. పడిపోయినప్పుడు ఆమె మూడు రోజులు ఒక ఆసుపత్రిలో ఉంది. డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో ఉంది. దాని మీద కొత్త మందులు రాశారు. పాతవాటిలో ఏవి కొనసాగించాలో, ఏవి ఆపాలో ఒక్క మాట లేదు. బిల్లు కట్టే హడావిడిలో నర్సు మాత్రల రంగు, వేళ చెప్పింది. ఇంటికి వచ్చాక కొత్తవి, పాతవి రెండూ మొదలయ్యాయి. పాత జాబితానూ కొత్త జాబితానూ పక్కపక్కన పెట్టి సరిచూడడాన్ని మందుల సరిపోలిక అనవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో హాని లేని ఔషధ వాడకం పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమంలో బహుళ ఔషధ వాడకం, రోగి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారే సమయం ముఖ్యాంశాలు కావడానికి కారణం ఇదే.

కార్డు దేనికి డబ్బు కడుతుంది?

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ రెండూ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు అయ్యే ఖర్చుకు పనికొస్తాయి. ఆపరేషన్లు, స్టెంట్లు, డయాలసిస్ వంటివాటికి అవి లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడాయి. ఆ విలువను తక్కువ చేయకూడదు. కానీ మందుల కవరు ముందేసుకుని అరగంట కూర్చుని "ఇది ఆపండి, దీన్ని సగం చేయండి" అని చెప్పే పనికి ఏ ప్యాకేజీలోనూ రేటు లేదు. ప్రైవేటు ఓపీలో డాక్టరుకు మనిషికి ఐదు నిమిషాలు దొరకడమే కష్టం. కొత్త పరీక్ష రాస్తే ఆసుపత్రికి ఆదాయం. పాత మందు కొట్టేస్తే ఎవరికీ ఏమీ రాదు. ఇందులో ఎవరి దురాశా లేదు. డబ్బు ఏ పనికి కడతామో ఆ పనే జరుగుతుంది.

కుటుంబం వైపు లెక్క కూడా చూడాలి. నలుగురు డాక్టర్ల దగ్గరికి రెండు నెలలకోసారి వెళ్లాలంటే ఏడాదికి 24 ప్రయాణాలు. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆమెకు ఆర్టీసీ బస్సు ఉచితం. వెంట వచ్చే కొడుక్కు టికెట్టు, ఒక రోజు కూలి పోతాయి. కూలి 600 అనుకుంటే ఏడాదికి 14,400 రూపాయలు, ఫీజులు, మందులు కలపకుండానే. పత్తి ఏరే రోజుల్లో ప్రయాణం వాయిదా పడుతుంది, పాత చీటీ మీదే మందులు తెచ్చుకుంటారు. గొలుసు పొడుగవుతుంది.

దారం ఎవరి చేతిలో ఉండాలి?

ఇక్కడే అభిప్రాయాలు వేరవుతాయి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే ఆ చోటు అని ప్రజారోగ్య రంగంలో పనిచేసేవారు చాలామంది అంటారు. వాళ్ల వాదన బలమైనది. వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త చొప్పున ఇంటింటికీ పరిచయమున్న మనిషి ఇప్పటికే ఉంది. బీపీ, షుగరు మందులు ఉచితంగా దొరుకుతాయి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఆరోగ్య కేంద్రంలో తీసుకున్న రక్తాన్ని జిల్లా కేంద్రానికి పంపి ఉచితంగా పరీక్షిస్తారు. క్రియాటినిన్ కోసం హనుమకొండ దాకా రానక్కర్లేదు. 2010–11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ప్రాథమిక కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వార్డు ఉండాలని చెబుతుంది. ఏర్పాటు కాగితం మీద ఉంది. దాన్ని నడిపించాలన్నది వాళ్ల మాట.

అభ్యంతరమూ అంతే బలమైనది. మైదాన ప్రాంతంలో ఒక ప్రాథమిక కేంద్రం 30 వేల జనాభాకు. అక్కడి డాక్టరు కాన్పులు, టీకాలు, జ్వరాలు, రిపోర్టులు అన్నీ చూసుకోవాలి. ఆశాలకు జీతం బదులు పనిని బట్టి పారితోషికం. ప్రతి కొత్త పథకం వాళ్ల నెత్తినే పడుతోంది. ఇంకో ఇబ్బంది పైకి ఎవరూ మాట్లాడరు. పెద్ద ఆసుపత్రి గుండె డాక్టరు రాసిన మందును మండల కేంద్రంలోని ఎంబీబీఎస్ డాక్టరు ఆపగలరా? ఆపితే ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా? సమాచారం ఉన్నా నిర్ణయాధికారం లేకపోతే సమన్వయం సగంలోనే ఆగిపోతుంది.

రెండో వర్గం, వృద్ధుల వైద్యానికి ప్రత్యేక నిపుణులు కావాలంటుంది. ఇంగ్లండులో 1930లలో మార్జరీ వారెన్ అనే డాక్టరు, నయం కారని మంచాలకు వదిలేసిన వృద్ధులను ఒక్కొక్కరినీ పరీక్షించి, జబ్బుతో పాటు నడక, చూపు, మనసు, ఇల్లు కూడా చూసి, చాలామందిని మళ్లీ లేపి నడిపించారు. ఇప్పుడు సమగ్ర వృద్ధ వైద్య పరిశీలన అంటున్న పద్ధతికి మూలం అది. మన దేశంలో చెన్నైలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ ఈ శాఖకు ఆద్యులు. మద్రాసు మెడికల్ కాలేజీలో 1996లో ఇందులో ఎండీ కోర్సు మొదలైంది. 1959లో పెట్టిన కాకతీయ మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా ఎంజీఎం ఆసుపత్రి ఉన్న వరంగల్‌కు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రోగులు వస్తారు. అలాంటి చోట ఈ శాఖ బలపడితే ఉత్తర తెలంగాణకంతా మేలు అన్నది వీరి ఆశ. ఇందుకు ఎదురయ్యే ప్రశ్న దూరం. ఏటూరునాగారం నుంచి వచ్చే మనిషికి ఐదో డాక్టరు, ఇంకో ఓపీ లైను చేరినట్లు కాకూడదు కదా.

మూడోది సాంకేతిక పరిష్కారం. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా నంబరుతో ఏ ఆసుపత్రిలో రాసినా రికార్డు ఒక చోట చేరాలన్నది ఆలోచన. నడిస్తే అద్భుతమే. చీటీ పరకాలలో మరచిపోయే సమస్య పోతుంది. కానీ ఆసుపత్రి ఎక్కిస్తేనే రికార్డు చేరుతుంది. చిన్న క్లినిక్కుల్లో రాత ఇంకా కాగితం మీదే. పెద్దవాళ్ల ఫోను చాలా ఇళ్లలో కొడుకుదో కోడలిదో. అనుమతి ఎవరు ఇస్తున్నట్లు అన్న ప్రశ్న వస్తుంది. అన్నిటికీ మించి, నాలుగు చీటీలు ఒక తెర మీదికి వచ్చినా వాటిని చదవడానికి ఒక మనిషి, ఆ మనిషికి సమయం కావాలి.

నాలుగోది ఎవరూ ప్రణాళికలో రాయని ఏర్పాటు: కుటుంబం. ఇవాళ నిజంగా సమన్వయం చేస్తున్నది కూతురో కోడలో. ఏ మాత్ర తిన్నాక, ఏది తినక ముందు అన్నది వాళ్ల నోటికి తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఈ కథకు ఇంకో మలుపు ఉంది. కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి చీటీని పక్కింటి పిల్లవాడు ఫొటో తీసి పంపితే, డ్యూటీ దిగాక అక్కడి నుంచి వీడియో కాల్‌లో స్ట్రిప్పులు ఒక్కొక్కటీ కెమెరా ముందు పెట్టించి చూస్తాడు. అంత ప్రేమ, అంత శ్రమ చూసినప్పుడు కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ పనికి కావాల్సిన వైద్య జ్ఞానం వాళ్లకు లేదు, ఉండాలని అడగడం న్యాయమూ కాదు.

ఆర్‌ఎంపీల సంగతి చెప్పకపోతే ఈ చిత్రం అసంపూర్ణం. అర్హత లేకుండా వైద్యం చేయడం చట్టవిరుద్ధం. నొప్పి సూదులు, స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడడం వల్ల జరిగే హానిని డాక్టర్ల సంఘాలు ఎత్తిచూపుతూనే ఉన్నాయి, అది నిజం. రాత్రి పదకొండింటికి తలుపు కొడితే పలికేది ఆయనొక్కరేనని ఊరివాళ్లు అంటారు, అదీ నిజం. వారిని ప్రథమ చికిత్స వరకే పరిమితం చేసి, ఏది చేయకూడదో నేర్పాలని కొందరు. ఆ గుర్తింపే ప్రమాదమని మరికొందరు. ఏ పక్షం గెలిచినా, మందుల జాబితా ఆర్‌ఎంపీ దాకా చేరనంత కాలం పల్లెలో గొలుసు తెగదు.

కలిపి చూస్తే నిజంగా మేలు జరుగుతుందా?

మేలు జరుగుతుందని అనుకోవడం తేలిక. పరీక్షించి చూస్తే ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. ఆసుపత్రిలో చేరిన వృద్ధులకు సమగ్ర పరిశీలన చేస్తే, కొన్ని నెలల తర్వాత వాళ్లు బతికి సొంత ఇంట్లో ఉండే అవకాశం పెరుగుతుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. ఇది గట్టి ఆధారమే. మరోవైపు అమెరికాలో కామ్డెన్ అనే ఊళ్లో, పదేపదే ఆసుపత్రి పాలయ్యేవారికి నర్సులు, సామాజిక కార్యకర్తలతో ఒక బృందం ఇంటికి వెళ్లి సమన్వయం చేసే కార్యక్రమం చాలా పేరు పొందింది. దాన్ని పద్ధతిగా పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించినప్పుడు, ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు బృందం చూసినవారిలోనూ చూడనివారిలోనూ దాదాపు 62 శాతమే.

దీన్నిబట్టి సమన్వయం వృథా అనలేం. కామ్డెన్ రోగుల్లో ఇల్లు లేనివారు, వ్యసనాలున్నవారు కూడా ఉన్నారు; వాళ్ల సమస్య చీటీల మధ్య దారం ఒక్కటే కాదు. కాకపోతే సమన్వయం ఖర్చు తగ్గిస్తుందని చెప్పి ప్రభుత్వాన్ని ఒప్పించాలని చూసేవారు జాగ్రత్తగా మాట్లాడాలి. మనకు దగ్గరగా ఉన్న ప్రయత్నం తమిళనాడుది. 2021 ఆగస్టులో మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకంలో బీపీ, షుగరు మందులు ఇంటికే తెస్తారు. అవసరమైతే ఫిజియోథెరపీ, మంచాన పడ్డవారికి ఉపశమన సేవలు కూడా గడప దగ్గరే. అది మందు చేరవేసే సమస్యను తీరుస్తుంది. ఏ మందు అక్కర్లేదో తేల్చే సమస్య దానికి అవతలిది.

దేశంలో 60 దాటినవారు 2022లో జనాభాలో 10.5 శాతం, 2050కి 20.8 శాతం అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. వలసలతో యువకులు తగ్గిన మన పల్లెల్లో ఆ రోజు ముందే వచ్చినట్లు కనిపిస్తుంది. మధ్యాహ్నం వేళ అరుగుల మీద ఎవరున్నారో చూస్తే చాలు.

"నీకు ఏం కావాలమ్మా?"

చాప మీది చీటీలన్నిటినీ సర్ది, వారం తర్వాత హనుమకొండలో తెలిసిన ఒక పెద్ద వయసు జనరల్ ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కవరు తీసి బల్ల మీద పరిచారు. చీటీల కంటే ముందు ఆమెను అడిగారు: "నీకు ఏం కావాలమ్మా?" మా మేనత్త కాసేపు ఆలోచించింది. "సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట దాకా నడిచి పోవాలి సారూ" అంది.

ఆ జవాబు వైద్యాన్ని మార్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వృద్ధుల సంరక్షణలో జబ్బుల జాబితా కంటే మనిషి చేయగలిగే పనులకు పెద్దపీట వేయమంటుంది. ఆయన చేసింది అదే. నడవాలంటే ముందు పడిపోకూడదు. పడిపోకూడదంటే మత్తు, రాత్రి లేవడం, షుగరు పడిపోవడం తగ్గాలి. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ ఆమెకు 7 లోపే ఉండాలన్న పట్టింపు వదిలేశారు. అనేక జబ్బులున్న పెద్దవాళ్లకు 8 లోపు ఉంటే చాలని అమెరికా మధుమేహ సంఘం మార్గదర్శకాలు కూడా చెబుతాయని వివరించారు. నొప్పి మాత్ర, ఫ్యూరోసెమైడ్ ఆపారు. అమ్లోడిపిన్ సగం చేశారు. కడుపు మంటకు ఉన్న రెండింటిలో ఒకటి కొట్టేశారు. ప్రెగాబాలిన్ మెల్లగా తగ్గించి మానిపించారు. షుగరు మాత్ర మార్చారు. టెల్మిసార్టాన్ పది రోజులు ఆపి, రక్తపరీక్ష చూసి మళ్లీ మొదలుపెట్టారు. ఆస్పిరిన్ దగ్గర పెన్ను ఆపి గుండె డాక్టరుకు ఫోను చేశారు. స్టెంటు లేదు, పాత గుండెపోటు లేదు, మానేయవచ్చని నాలుగు నిమిషాల్లో తేలింది. ఇవే మందులు ఇంకొకరి ఒంట్లో ప్రాణాధారం కావచ్చు; స్టెంటు ఉన్నవారికి ఆస్పిరిన్ ఆపడమే ప్రమాదం. ఇవి ఆమెకు, ఆమె రిపోర్టులు చూసి తీసుకున్న నిర్ణయాలు.

పదకొండు ఆరయ్యాయి. జతలు 55 నుంచి 15కు వచ్చాయి. మొత్తం 35 నిమిషాలు పట్టింది. రసీదులో మామూలు ఓపీ ఫీజే ఉంది.

చివర ఆయన ఒక తెల్లకాగితం తీసుకుని ఆరు మందుల పేర్లు, వేళలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాశారు. కింద ఎర్ర సిరాతో "నొప్పి సూది వేయకూడదు – కిడ్నీ బలహీనం" అని రాసి, సంతకం చేసి, తన ఫోను నంబరు వేశారు. మా మేనత్త ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టించి బీరువా తలుపుకు అంటించుకుంది. దసరాకు పది రోజుల ముందు మోకాలు నొప్పి పెడితే ఆర్‌ఎంపీ సూది తీసుకుని ఇంటికి వచ్చారు. ఆమె లేచి బీరువా దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, సూదిని పెట్టెలో పెట్టేసి, ఆ కాగితాన్ని తన ఫోనులో ఫొటో తీసుకుని, అందులో ఉన్న నంబరుకు ఫోను చేశారు.